హుషారు రోజుల గురించీ అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నేను బట్టలు కుడతాను, మా ఆయనది శెనక్కాయ సేద్యం. నాలుగేళ్ల కిందట ఎండాకాలంలో ఆయన వారం రోజుల్లో మూడు బోర్లు వేయించారు. రాత్రి రెండింటికి లేచి, అరచేతిలో టెంకాయ పెట్టుకుని, నీళ్లు ఎక్కడున్నాయో అని చేనంతా తిరిగేవారు. నిద్ర రెండు గంటలు కూడా లేదు, అయినా అలుపు లేదు. మూడో బోరు నా గొలుసు తాకట్టు పెట్టి వేయించారు. సీమలో బోరు మీద బోరు వేయించడం వింతా? ఊళ్లో అందరూ పట్టుదల అన్నారు. మా అత్త దిష్టి కూడా తీసింది.

ఆర్నెల్లకు మనిషి మంచం దిగలేదు. స్నానం లేదు, బువ్వ లేదు. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, పంట ఎట్లుందని అడిగారు. పోయిందన్నాను. డిప్రెషన్ అని మాత్రలు రాశారు. మూడు వారాలకు మళ్లీ రాత్రుళ్లు మేలుకోవడం, నాలుగో బోరు మాట, అడ్డమొస్తే చెయ్యెత్తడం. చివరికి మానసిక డాక్టరు చూసి బైపోలార్ అన్నారు. అంటే కొన్నాళ్లు హద్దులేని హుషారు, కొన్నాళ్లు దిగులు వచ్చే జబ్బు. ఈ జబ్బుకు డిప్రెషన్ మాత్రలు ఒక్కటే ఇస్తే ఒక్కోసారి ఇట్లా ఎదురు తిరుగుతుందట.

మొదటి డాక్టరు మీద నాకు కోపం లేదు. బోర్ల సంగతి నేనే చెప్పలేదు. హుషారుగా ఉన్న మనిషిని చూసి జబ్బని ఎవరనుకుంటారు? దిగులు పడ్డప్పుడే కదా ఆసుపత్రికి పోయేది!

అందుకే అడగడం డాక్టర్లకే నేర్పాలి. దిగులని వచ్చినవాళ్లను, ‘అంతకుముందు ఎప్పుడైనా నాలుగైదు రోజులు వరసగా నిద్ర లేకున్నా అలుపు రాలేదా? అప్పులు, ఖర్చులు హద్దు మీరాయా?’ అని అడగాలి. పక్కనొచ్చిన మనిషిని కూడా అడగాలి. ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా అనీ అడగాలి. మా చిన్నమామ కూడా కొన్నాళ్లు ఊరంతా తనదే అన్నట్టు తిరిగి, కొన్నాళ్లు తలుపేసుకునేవాడట. ఆ మాట మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఇది కొత్త పనేం కాదు. నర్సింగ్ చదివే మా పాప చెప్పింది: పక్కనున్న బళ్లారిలో 1980లలోనే బెంగళూరు మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్ వాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీ) డాక్టర్లకు మానసిక జబ్బుల ట్రైనింగ్ ఇచ్చారు. ఆ నమూనా చూసే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ఆ ట్రైనింగ్‌లో బైపోలార్‌కు ఒక పూట కేటాయించండి. ఈ జబ్బుకిచ్చే లిథియం మందు వాడేవాళ్లు ఎండాకాలంలో వాంతులు, విరేచనాలని వస్తే, రక్తంలో ఆ మందు ఎక్కువైందేమో అని రక్తపరీక్ష చేయించాలని కూడా చెప్పండి. మా ఆయన ఇప్పుడు వాడేది అదే.

ఆ పూట నన్ను పిలిస్తే బస్సెక్కి వస్తాను. మూడు బోర్ల కథ నేనే చెబుతాను.

ఒక రైతు భార్య,
అనంతపురం జిల్లా