అమ్మ పోయినప్పుడు తోడున్న మా కొలంబో వీధివాళ్లకు

మా అమ్మ కొలంబోలో, మా ఇంట్లోనే కన్నుమూసింది. రాజమండ్రి నుంచి తమ్ముడు వచ్చేదాకా నాకు చుట్టాలూ పక్కాలూ అన్నీ మా వీధివాళ్లే. పేర్లు రాస్తే వాళ్లకు నచ్చదు, అందుకే రాయడం లేదు.

తెల్లారేసరికి వీధి పొడవునా తెల్లజెండాలు కట్టేశారు. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, వాళ్లకూ అంతే. భోజనాలు, టీలు వాళ్ల ఇళ్ల నుంచే వచ్చాయి. రాత్రంతా అమ్మ దగ్గర ఎవరో ఒకరు మేలుకునే ఉన్నారు. సర్టిఫికెట్లు, బొరెల్లా కనత్త శ్మశానంలో దహనానికి టైం తీసుకోవడం లాంటి టెన్షన్ ఏదీ మా దాకా రానివ్వలేదు.

"మీ పద్ధతిలో మీరు చేసుకోండి, మా గుడి హాముదురువోలను కూడా పిలవమంటారా?" అని మొహమాటంగా అడిగారు. హాముదురువోలంటే బౌద్ధ భిక్షువులు. సరేనన్నాం. భిక్షువులకు తెల్లబట్ట సమర్పించాక "అనిచ్చా వత సంఖారా" అని చదివారు. పుట్టినవన్నీ నశించేవే అని దాని భావం. తర్వాత ఇంటివాళ్లం అందరం కలిసి కూజా పట్టుకుని, గిన్నె నిండి పొర్లేదాకా నీళ్లు పోశాం. నిండుగా పారే నదులు సముద్రాన్ని నింపినట్టు, ఇక్కడ ఇచ్చింది పోయినవాళ్లకు చేరాలని అప్పుడు భిక్షువులు చదివిన పాళీ మాటలకు అర్థం. తర్పణం వదిలే చేత్తోనే తమ్ముడు ఆ నీళ్లూ పోశాడు.

ఏడో రోజు దానానికి, అంటే భిక్షువులకు భోజనం పెట్టడానికి, ముందు రాత్రి బణ (ధర్మోపదేశం) చెప్పిన పెద్ద భిక్షువుకు ప్రత్యేకంగా దండం పెట్టుకోవాలి. అందరూ వెళ్లాక ఆయన్ను అడిగాను: "అస్తమానం చావును తలుచుకుంటే దిగులు పట్టుకోదా స్వామీ?" పట్టుకుంటుంది అన్నారు, తడుముకోకుండా. బుద్ధఘోషుడు 5వ శతాబ్దంలో అనురాధపురంలో రాసిన విశుద్ధిమగ్గ అనే బౌద్ధ ధ్యాన గ్రంథంలో ఇది ఉందట (బుద్ధఘోషుడు మన గుంటూరు వైపు వాడని కొందరు పండితులు అంటారు). అడ్డదిడ్డంగా తలుచుకుంటే అయినవాళ్ల చావు దుఃఖం తెస్తుంది, శత్రువు చావు సంతోషం తెస్తుంది, ఏమీ కానివాళ్ల చావు కాటికాపరికి శవంలా పట్టకుండా పోతుంది, తన చావు భయం పుట్టిస్తుంది. అందుకే ఎరుకతో తలుచుకోవాలి. ఇప్పటికి అమ్మను పక్కనపెట్టి, హాయిగా బతికి పోయిన, నువ్వు చూసిన వేరేవాళ్లతో మొదలుపెట్టు అన్నారు.

నాదిక అనే ఊళ్లో బుద్ధుడు భిక్షువులను మరణసతి (చావును ఎరుకతో తలుచుకోవడం) ఎలా చేస్తున్నారని అడిగిన సంగతీ చెప్పారు. ఒక రోజు బతికితే చాలు అనుకుంటానన్నవాడినీ, ఒక పూట భోజనం చేసేంతసేపు చాలన్నవాడినీ ఏమరుపాటులో ఉన్నవాళ్ల కిందే లెక్కగట్టాడట. ఒక్క ముద్ద నమిలేంతసేపు, ఒక్క శ్వాస తీసి వదిలేంతసేపు అన్నవాళ్లనే మెచ్చుకున్నాడు. ఆ రాత్రి నాకు అన్నం ముద్ద మింగుడుపడలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా పడటం లేదు. అయినా "ఆవిడ మంచి లోకానికి వెళ్లిందిలే" అని నన్ను ఊరడించకుండా, ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. పక్కింటి పెద్దావిడ అయితే ముసలితనం, జబ్బు, చావు, ఎడబాటు తప్పవనీ, చేసిన కర్మే మనదనీ రోజూ పొద్దున్నే అనుకుంటుంది. అనుకుని, నవ్వుతూ కొబ్బరి తురుముకుంటుంది.

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడో నెల దానానికి మాత్రం వంట నాదే. భిక్షువులు మధ్యాహ్నం దాటితే తినరు కాబట్టి తెల్లవారుజామునే లేచి పులిహోర కలుపుతాను. ఆ రోజు కూడా మీరే వండుకొచ్చేస్తే ఊరుకోను.