ఫోటో మార్చామని ఫోటో మీదే రాయించండి
మహిళా సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా అమ్మాయికి 12 ఏళ్లు. మొన్న ఫోన్‌లో తన ఫోటోకి ముక్కు సన్నం చేసి, బుగ్గలు తగ్గించి, రంగు తేల్చి "ఇప్పుడు బాగున్నానా అమ్మా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఫిజీలో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఒంటికి కండ ఉండటమే అందమనుకునే ఆ చోట, మూడేళ్లకే సన్నబడాలని తిన్నది కక్కేసే ఆడపిల్లలు కనిపించారు. "లావయ్యావేంటే" అనే చుట్టాల పలకరింపూ తక్కువ గాయం చేయదు లెండి.

ప్రకటనలో మోడల్ శరీరాన్ని మారిస్తే ఆ మాట ఫోటో మీదే చెప్పాలని ఫ్రాన్స్‌లో 2017 నుంచి నిబంధన ఉంది. నార్వేలో 2022 నుంచి, డబ్బు తీసుకుని పెట్టే సోషల్ మీడియా పోస్టులకూ ఉంది. మీరూ తీసుకురండి. పిల్లలు చూసే ప్రకటనలతోనే మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక తల్లి