కాగితానికీ ఒక వాటం ఉందిరా

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాద్దామని కూర్చుంటే చాలు, కళ్లు మూతలు పడుతున్నాయి. రోజంతా నిలబడే పని మరి. ప్రెస్‌లో ట్రైనింగ్ అనగానే ప్రింటింగ్ మెషీన్ దగ్గర పెడతారనుకున్నాను. అచ్చయిన కాగితాల్ని మడిచి, కోసి, బైండింగ్ చేసే ఫినిషింగ్ సెక్షన్‌కి పంపారు. మొదటి రోజు మనసు చివుక్కుమంది గానీ, ఇప్పుడు ఇక్కణ్ణుంచి మారుస్తామంటే వద్దని బతిమాలుకుంటాను.

అచ్చయినంత మాత్రాన పుస్తకం అవదురా. షీటు మీద పేజీలు కొన్ని తలకిందులుగా, వరస లేకుండా ఉంటాయి. దాన్ని మూడుసార్లు మడిస్తే 16 పేజీల ఫారం అవుతుంది, అంకెలన్నీ వాటంతటవే వరసలోకి వచ్చేస్తాయి. మొదటిసారి నా చేత్తో మడిచి, పేజీలు తిప్పి చూసుకుని ఎంత పొంగిపోయానో!

రెండో వారంలో ఒక పొరపాటు చేశాను. 300 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) అట్టలకి క్రీజు కొట్టి, అంటే మడత పడాల్సిన చోట గీతలా నొక్కి, మడిస్తే, మడత పొడవునా రంగు పగిలి తెల్లటి పీచు బయటపడింది. కట్టకి కట్ట పాడైంది. టెన్షన్‌తో చేతులు వణికాయి. మాకు పని నేర్పే పెద్దాయన తిట్టలేదు. ఒక కాగితం తీసుకుని నిలువుగా చింపారు, గీత గీసినట్టు తిన్నగా చిరిగింది. అడ్డంగా చింపితే వంకరటింకరగా పోయింది. కాగితం తయారయ్యేటప్పుడు పీచు చాలావరకు మెషీన్ నడిచే వైపే పడుకుంటుంది. దాన్నే గ్రెయిన్ అంటారు. మడత దాని వెంట పడితే పీచు ఒదుగుతుంది, అడ్డంగా పడితే విరుగుతుంది. నేను అట్టల్ని అడ్డంగా కోయించాను.

క్రీజు సంగతి ఇంకా చిత్రం. ఒక వైపు గాడి పడుతుంది, రెండో వైపు సన్నటి గట్టు లేస్తుంది. గాడి లోపలికి పెట్టి మడవాలనిపిస్తుంది కదా? కాదు, గట్టే లోపలికి రావాలి. ఏ మందుల పెట్టో విప్పి వేలితో తడిమి చూడు, తెలుస్తుంది.

అట్ట మీద పల్చటి ప్లాస్టిక్ పొర అంటించే లామినేషన్, మెరిసే రేకు అద్దే ఫాయిల్ పని ఇంకా చూడటమే, చెయ్యడం లేదు. కటింగ్ మెషీన్‌కి కత్తి దిగాలంటే రెండు చేతులతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కాలి, అంటే చెయ్యి కత్తి కిందికి పోయే వీలే ఉండదు. మడత మధ్యలో పిన్ను కొట్టే సెంటర్ పిన్ పుస్తకాల్లో లోపలి పేజీలు మెల్లగా బయటికి తోసుకొస్తాయి, అంచు కోసినప్పుడు వాటి మార్జినే ఎక్కువ పోతుంది. అందుకని లోపలికి వెళ్లేకొద్దీ అచ్చుని వెన్ను వైపు వెంట్రుకవాసి జరుపుతారు. చదివేవాళ్లకి ఈ శ్రమ కనపడదు, కనపడకపోతేనే పని బాగా కుదిరినట్టు.

దీంతోపాటు ఒక నోటుబుక్కు పంపుతున్నాను. వెన్ను గరుకుగా గీరి, బంక పట్టించి నేనే బైండింగ్ చేశాను. దాచుకోకు. బాగా వెనక్కి విప్పి, మధ్యలో ఒక పేజీ పట్టుకుని గట్టిగా లాగు. ఊడితే ఎక్కడ ఊడిందో, బంక కాగితానికి అంటుకుని వచ్చిందో లేదో చూసి రాయి.

నీ జవాబు కోసం చూస్తుంటాను.