ఆ కోతిపిల్ల నవ్వడం లేదు

ఆత్మీయ తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఉత్తరంలో యూనిట్ పరీక్షల మార్కుల గురించి, యూనిఫాం కొలతల గురించి రాయాల్సి ఉంది. అవి వెనక పేజీలో వేయించాను, చూడండి. ఈ పేజీ మాత్రం ఒక కోతిపిల్ల కోసం తీసుకున్నాను.

దసరా సెలవులు అయ్యి బడి తెరిచిన వారంలో, మధ్యాహ్నం అన్నాల వేళ, వేపచెట్టు కింద పదిపన్నెండు మంది పిల్లలు ఒక ఫోన్ చుట్టూ మూగి ఉన్నారు. బడికి ఫోన్ తేవద్దన్న మాట తర్వాత గుర్తుచేద్దాం లెమ్మని నేనూ వంగి చూశాను. గులాబీ రంగు గౌను తొడిగిన కోతిపిల్ల. అరచేతి కంటే కాస్త పెద్దది, అంతే. ప్లాస్టిక్ టబ్బులో కూర్చోబెట్టి దాని మీద చెంబుతో నీళ్లు పోస్తున్నారు. అది టబ్బు అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని పళ్లన్నీ బయటపెట్టింది. పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. "మేడం, చూడుండ్రి, ఎట్ల నవ్వుతుందో!"

ఏ దేశం వీడియోనో అనుకున్నాను. కాదు. మన ఊరిదే. తీసింది మన బడి అబ్బాయే.

వాడి పేరు ఇక్కడ రాయను. మీ పిల్లల ద్వారా మీకు తెలిసిపోయినా ఒక్క మాట కూడా అనొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. వాడు చెడ్డవాడు కాదు. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు కొట్టి తల్లికోతి చచ్చిపోతే, దాని పొట్టను వదలకుండా అరుస్తున్న పిల్లను జాలిపడి ఇంటికి తెచ్చుకున్నాడు. దూదితో పాలు పట్టాడు. మొదటి రోజు వీడియోలో అది పాలు తాగుతుంది, ఇంకేమీ లేదు. ఆరేడు వందల మంది చూశారు. రెండో రోజు చెల్లెలి బొమ్మ గౌను తొడిగాడు. ఎనిమిది వేలు. స్నానం వీడియోకు నలభై వేలు దాటాయి. కింద కామెంట్లు: "మళ్లీ స్నానం చేయించు బ్రో", "అద్దం చూపించు", "నిమ్మకాయ పెట్టు". నా గదిలో కూర్చుని వాడే ఫోన్ నా చేతికిచ్చి ఇవన్నీ చూపించాడు. "నేను దాన్ని ఒక్క దెబ్బ కూడా కొట్టలే మేడం. బిస్కెట్లు గూడ పెట్టిన." నిజమే, కొట్టలేదు. ఆరు రోజుల్లో ఏడుసార్లు స్నానం చేయించాడు.

నిమ్మకాయ పెట్టావా అని అడిగాను. "ఇంకా పెట్టలే మేడం" అన్నాడు.

ఆ "ఇంకా" అన్న మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జాలితో తెచ్చుకున్న చేయే ఆరు రోజుల్లో ఎక్కడిదాకా వచ్చింది? తోసిందెవరు? ముఖం కూడా తెలియని నలభై వేల మంది.

ఆ నవ్వు సంగతి ముందు చెప్పాలి. "కోతిలా ఇకిలించకు" అని మనం పిల్లల్ని కసురుతుంటాం. కోతి ఇకిలింపు నవ్వు కాదు. గుంపులో పెద్ద కోతి ఎదురైనప్పుడు చిన్నది పెదవులు వెనక్కి లాగి పళ్లు చూపిస్తుంది. నీకు ఎదురు తిరగను, నన్నేం చేయొద్దు అని దాని భాష. భయం ముంచుకొచ్చినా అదే ముఖం. స్నేహంగా ఉన్న కోతి పెదవులను గబగబా చప్పరిస్తుంది. నోరు తెరిచి కళ్లలోకి గుచ్చి చూస్తే అది బెదిరింపు. కోరలు కనిపించేలా ఆవులిస్తే చాలాసార్లు అది నిద్ర వల్ల కాదు, లోపలి అలజడి వల్ల. మర్నాడు మా సైన్సు మాస్టారు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని వరండాలో నిశ్శబ్దంగా కూర్చోబెట్టి, ప్రహరీ గోడ మీద ఉన్న మన బడి కోతుల్నే చూపించారు. పావుగంటలో పిల్లలకు తేడా తెలిసిపోయింది. తర్వాత అదే స్నానం వీడియో మళ్లీ చూపిస్తే ఒక్కరూ నవ్వలేదు. ముందు వరసలో ఉన్న ఒక పాప, "మేడం, బంద్ చేయుండ్రి" అంది.

మీలో పెద్దవాళ్లు మర్కట కిశోర న్యాయం అనే మాట వినే ఉంటారు. పిల్లి తన కూనను తానే నోట కరచుకుని తిరుగుతుంది. కోతి అలా కాదు, కోతిపిల్లే తల్లిని పట్టుకోవాలి. తల్లి కొమ్మ మీంచి కొమ్మకు దూకుతుంటే పొట్ట కింద వేలాడుతూ పిల్ల పట్టు వదలదు. వదిలితే చావే. భక్తుడు భగవంతుణ్ణి ఎలా పట్టుకోవాలో చెప్పడానికి మన పెద్దలు ఈ పోలిక తెచ్చారు. పుట్టిన గంటల్లోనే మొదలయ్యే ఆ పట్టు కోతిపిల్లకు ఊపిరి లాంటిది. తల్లి లేకపోతే ఆ చేతులు దేన్నో ఒకదాన్ని పట్టుకోక తప్పదు. తువ్వాలును, టెడ్డీబొమ్మను, టబ్బు అంచును, ఏమీ దొరక్కపోతే తన ఒంటినే చుట్టుకుంటుంది. టెడ్డీని కావలించుకున్న కోతిపిల్ల వీడియోలు మన కుటుంబ గ్రూపుల్లో ఎన్ని తిరుగుతుంటాయో మీకు తెలుసు. నా ఫోన్‌లోనూ వచ్చాయి. రెండేళ్ల కింద ఒకటి నేనే మా చెల్లెలికి పంపాను.

1950ల్లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త కోతిపిల్లలను తల్లుల నుంచి విడదీసి రెండు బొమ్మ తల్లులను ఎదురుగా పెట్టాడు. ఒకటి ఇనుప తీగతో చేసింది, దానికి పాలసీసా ఉంది. ఇంకొకటి మెత్తటి గుడ్డ చుట్టింది, దానికి పాలు లేవు. పిల్లలు ఆకలైనప్పుడు మాత్రమే తీగ తల్లి దగ్గరికి వెళ్లి, మిగతా పొద్దంతా గుడ్డ తల్లిని అంటిపెట్టుకుని ఉన్నాయి. ఆ ప్రయోగాలు క్రూరమైనవని తర్వాత చాలామంది తప్పుపట్టారు. నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ కడుపు నింపితే చాలదని అవి చూపించిన సంగతిని ఇప్పుడు మనం మరచిపోతే ఆ పిల్లలు పడ్డ బాధ వృథా అవుతుంది. బిస్కెట్లు పెట్టినా, పాలు పట్టినా, తల్లి లేని లోటు తీరదు.

మన అబ్బాయికి తల్లి చనిపోయిన పిల్ల దొరికింది. ఈ వీడియోలనే వ్యాపారంగా చేసేవాళ్లకు అలా దొరకదు, కాబట్టి దొరికించుకుంటారు. పిల్లను తల్లి ఊరికే వదలదు. తల్లిని చంపి పిల్లను పట్టుకోవడం ఆ వ్యాపారంలో మామూలు సంగతి. ఎక్కువగా ఇండోనేషియా, కంబోడియా లాంటి దేశాల్లో తీసే ఈ వీడియోల్లో కనిపించేది పొడుగుతోక కోతి, మన కోతులకు దగ్గరి చుట్టమే. 2022లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ దాన్ని అంతరించే ప్రమాదం ఉన్న జాతుల్లో చేర్చింది. డైపర్ కట్టి, గౌను తొడిగి, మనుషుల్లా రెండు కాళ్ల మీద నడిపిస్తారు. తడి డైపర్‌తో ఒళ్లు పుళ్లు పడుతుంది. మూడు నాలుగేళ్లు వచ్చి కోరలు దిగి, కరవడం మొదలుపెడితే పళ్లు పీకేస్తారు, లేదా గొలుసు కట్టి బోనులో పడేస్తారు. అప్పటికి ఇంకో పిల్ల వస్తుంది. పెంపుడు కోతుల వీడియోల మీద సోషల్ మీడియాలో జంతుహింసపై పనిచేసే సంస్థల కూటమి ఒకటి 2023లో నివేదిక ఇచ్చింది. వాళ్లు లెక్కించినవి 1,226 లింకులు. వాటికి వచ్చిన వ్యూస్ 1,200 కోట్లకు పైనే.

ఇంకా ఘోరమైనది ఉంది. పిల్లలకు కాదు, మీకు తెలియాలి. 2023 జూన్‌లో బీబీసీ ఏడాది పాటు సాగించిన పరిశోధనను బయటపెట్టింది. అమెరికా, బ్రిటన్‌లలో కూర్చున్న కొందరు డబ్బు పంపి, ఇండోనేషియాలో కోతిపిల్లలను హింసించి చంపే వీడియోలు తీయించుకుంటున్నారు. యూట్యూబ్‌లో కోతిపిల్లల వీడియోల కింద పరిచయమైనవాళ్లు టెలిగ్రామ్‌లో రహస్య గ్రూపులు పెట్టుకుని, ఏం చేయాలో ఓట్లు వేసి మరీ చెప్పేవారు. ఇండోనేషియాలో ఇద్దరు జైలుకు వెళ్లారు. 2024లో బ్రిటన్‌లో ఇద్దరు మహిళలకు జైలు శిక్ష పడింది. "నిమ్మకాయ పెట్టు" అని మన అబ్బాయికి రాసినవాళ్లు అలాంటివాళ్లని నేను అనడం లేదు. కానీ ఇంకాస్త చేయించు, ఇంకాస్త చేయించు అన్న దారి ఒక్కటే. అందుకే ఆ మాట నన్ను భయపెట్టింది.

మన చిన్నప్పుడు కోతుల ఆట వచ్చేది. డమరుకం చప్పుడు వినగానే పరుగెత్తేవాళ్లం. అత్తారింటికి ఎట్ల పోతవు అంటే కోతి మూట నెత్తిన పెట్టుకుని నడిచేది, బియ్యం వేసేవాళ్లం. ఆ నడక ఎలా నేర్పేవారో అప్పుడు మనం అడగలేదు. ఇండోనేషియాలోని జకార్తా వీధుల్లో బొమ్మ మాస్కులు తొడిగి ఆడించే కోతులకు చేతులు వెనక్కి కట్టి, మెడకు గొలుసు వేసి పైకి కట్టి, కూర్చోనివ్వకుండా నిలబెట్టి ఆ నడక నేర్పేవారు. 2013లో అక్కడి గవర్నర్ జోకో విడోడో ఆ ఆటను నిషేధించారు. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1998లోనే కోతులను ప్రదర్శనకు ఆడించడం, అందుకోసం శిక్షణ ఇవ్వడం నిషేధించారు. వీధిలో ఆట ఆగింది. ఫోన్‌లో మళ్లీ మొదలైంది.

ఒక వీడియోను చాలామంది "పాపం, కాపాడారు" అని పంపుకుంటారు. కొండచిలువ చుట్టేసిన కోతిని ఎవరో పరుగున వచ్చి విడిపిస్తారు. కెమెరా మాత్రం ముందే అక్కడ ఉంటుంది. ఆ పామునూ కోతినీ ఒకచోట పడేసిందీ వాళ్లే. ఇలాంటి నకిలీ రక్షణ వీడియోలను ఒప్పుకోబోమని 2021లో యూట్యూబ్ ప్రకటించింది, అయినా వస్తూనే ఉన్నాయి. మన అడవుల్లో దేవాంగపిల్లి ఉంది కదా, దాని ఆగ్నేయాసియా చుట్టం ఒకటి చక్కిలిగింతలు పెడితే చేతులు పైకెత్తే వీడియో 2009లో లోకమంతా తిరిగింది. అది ఆనందంతో ఎత్తలేదు. మోచేతి దగ్గరి గ్రంథి ద్రవాన్ని నాకి, ఉమ్మితో కలిపితే విషమవుతుంది. ఆపద వస్తే చేతులెత్తి దానికి సిద్ధపడుతుంది. ఆ వీడియో చూసి పెంచుకుందామని ఎగబడినవాళ్ల కోసం వాటి పళ్లు కత్తిరించి అమ్మారు.

మీరు ఏం చేయాలని నేను అడుగుతున్నానో చెబుతాను. ఇలాంటి వీడియో వస్తే కింద తిట్టొద్దు. తిట్టినా అది కామెంటే, ఇంకా పదిమందికి చేరుతుంది. ఎవరికీ పంపొద్దు, "ఎంత ఘోరమో చూడండి" అని కూడా పంపొద్దు. మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ కొట్టి పక్కకు జరగండి. పిల్లలు అలాంటిది చూస్తూ కనిపిస్తే ఫోన్ లాక్కోకండి. పక్కన కూర్చుని, దీని అమ్మ ఏది అని ఒక్క ప్రశ్న అడగండి. వాళ్లే ఆలోచిస్తారు. ముక్కూ మొహం తెలియని గ్రూపులో ఎవరైనా చేర్చి జంతువులను కొట్టే వీడియోలు పెడితే, మీ పిల్లలు భయం లేకుండా మీకో నాకో చెప్పేలా చూడండి.

మన ఊళ్లో కోతుల బాధ నాకు తెలియనిది కాదు. మక్కచేను పాడు చేస్తాయి, పెంకులు లేపుతాయి, మొన్న మన వంటశాలలోంచి గుడ్ల ట్రే ఎత్తుకుపోయాయి. కోపం రావడం సహజం. ఆ కోపంతో పటాకులు విసిరి రీల్స్ తీస్తే మాత్రం రేపు అవి దారిన పోయే చిన్నపిల్లల మీద పడతాయి. మంగళవారం ఆంజనేయస్వామి గుడి దగ్గర అరటిపండు ఊరిస్తూ వీడియోలు తీయడం కూడా అంతే. కంబోడియాలో అంగ్‌కోర్ గుడుల దగ్గర యూట్యూబర్లు తిండి చూపించి, ఏడిపించి వీడియోలు తీసీ తీసీ అక్కడి కోతులు యాత్రికుల మీదికి వచ్చేలా తయారయ్యాయి. చివరికి 2024లో అక్కడి అధికారులు విచారణకు దిగాల్సి వచ్చింది. కోతుల సంఖ్య తగ్గాలంటే దారి వేరే ఉంది. నిర్మల్ దగ్గర చించోలిలో 2020 చివర్లో మొదలైన కేంద్రంలో కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసి వదులుతారు. మన ఊరి కోతులను కూడా అక్కడికి పంపించమని పంచాయతీకి అర్జీ రాశాను, తల్లిదండ్రుల కమిటీ సంతకాలు కావాలి.

ఒంటరి కోతిపిల్ల కనిపిస్తే ఇంటికి తేవద్దు. గుంపు దగ్గర్లో ఉంటే దూరంగా నిలబడి చూడండి, చాలాసార్లు వచ్చి తీసుకుపోతాయి. రాకపోతే అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయండి. కరిచినా, గీరినా సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి రేబిస్ టీకా వేయించండి. పసుపు, సున్నం పూయొద్దు.

మన కోతిపిల్లను అటవీ శాఖ వాళ్లు వచ్చి తీసుకెళ్లారు. బుట్టలో పెట్టేటప్పుడు అది ఆ అబ్బాయి చొక్కా వదల్లేదు. ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది. వాడు చొక్కానే విప్పి బుట్టలో పెట్టేసి, నా శాలువా కప్పుకుని ఇంటికి వెళ్లాడు. వీడియోలన్నీ వాడే తీసేశాడు.

ఈ శనివారం మధ్యాహ్నం 3 గంటలకు తల్లిదండ్రుల సమావేశం ఉంది. ఫోన్లు తెచ్చుకోండి. రిపోర్ట్ ఎలా కొట్టాలో పిల్లలు మీకు చూపిస్తారు. అర్జీ మీద సంతకాలు కూడా అప్పుడే తీసుకుంటాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు