సీజన్ మొదలైందని బరువులు మూలన పెట్టొద్దు

సంపాదకుడు గారికి,

బేస్‌బాల్ ఆడే పిల్లల జట్లలో ఒక ఆనవాయితీ పాతుకుపోయింది. మ్యాచ్‌లు లేని నెలల్లో జిమ్‌లో చెమటోడుస్తారు. తొలి మ్యాచ్ తేదీ ఖరారు కాగానే బరువులు పక్కన పెట్టేస్తారు. కాళ్లు అలసిపోతాయని, చేయి బిగుసుకుపోతుందని కోచ్‌ల భయం. భయంలో కొంత నిజముంది గానీ, దానికి పూర్తిగా మానేయడం విరుగుడు కాదు.

కూడబెట్టిన బలం వాడకుండా నిలవదు. మూడు నాలుగు వారాల విరామాన్ని శరీరం ఓర్చుకుంటుంది, ఆ తర్వాత జారడం మొదలవుతుంది. చటుక్కున దూకే, విసిరే చురుకు అంతకంటే ముందే మందగిస్తుంది. సీజన్ మూడు నెలలు సాగితే నాకౌట్ మ్యాచ్‌లు వచ్చేది ఆఖర్లో. అంటే ఏడాది మొత్తంలో ముఖ్యమైన ఆటను పిల్లవాడు నీరసించిన కాళ్లతో ఆడతాడు. రోజూ ప్రాక్టీసు చేస్తున్నాడు కదా, అది చాలదా అని తల్లిదండ్రులు అడుగుతారు. చాలదు. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు. దాన్ని ఎన్నిసార్లు విసిరినా తొడలకు, తుంటికి, వీపుకు పెద్ద బరువును ఎత్తే పని దొరకదు.

బలం సంపాదించడానికి పడ్డ శ్రమలో చిన్న వాటాతోనే దాన్ని నిలుపుకోవచ్చు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 30 నుంచి 40 నిమిషాలు చాలు. మ్యాచ్‌లు మూడు నాలుగు పడిన వారంలో ఒక్కసారైనా సరిపోతుంది. చాలామంది పొరపడేది ఇక్కడే: సెట్లు (ఆపకుండా చేసే ఎత్తుల విడతలు) తగ్గించాల్సింది పోయి బరువు తగ్గిస్తారు. తేలిక డంబెల్స్‌తో పదిహేనేసి, ఇరవయ్యేసి సార్లు చేయిస్తే అలసట మిగులుతుంది, బలం నిలవదు. సీజన్‌కు ముందు 60 కిలోల డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును తుంటి దగ్గర వంగి ఎత్తి నిలబడడం) 4 సెట్లు, సెట్‌కు 6 సార్లు చేసిన కుర్రాడు సీజన్‌లోనూ 60 కిలోలే ఎత్తాలి, కాకపోతే 2 సెట్లు, సెట్‌కు 4 సార్లు. మొత్తం 24 ఎత్తులు 8కి దిగుతాయి. ప్రతి సెట్‌లోనూ ఇంకో రెండుసార్లు ఎత్తగలననిపించేటప్పుడే ఆపేయాలి.

ఒక పూట పని ఇలా ఉంటే బాగుంటుంది. ఐదు నిమిషాల వార్మప్ తర్వాత, ఒళ్లు ఇంకా తాజాగా ఉండగానే 2 కిలోల మెడిసిన్ బాల్‌ను (వ్యాయామానికి వాడే బరువైన బంతిని) నడుము తిప్పుతూ గోడకేసి కొట్టడం, ఒక్కో వైపు 4 సార్లు, 2 సెట్లు. ఆ వెంటనే డెడ్‌లిఫ్ట్ గానీ, కెటిల్‌బెల్‌ను (పిడి ఉన్న ఇనుప గుండును) ఛాతీకి ఆనించి గుంజీలు గానీ. తర్వాత స్ప్లిట్ స్క్వాట్ (ఒక కాలు ముందు, ఒకటి వెనుక పెట్టి గుంజీ) కాలికి 5 చొప్పున 2 సెట్లు. పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) ముందడుగు వేసినప్పుడు ఒంటి బరువంతా ఆ ఒక్క కాలి మీదే ఆగుతుంది కాబట్టి దీన్ని వదలకూడదు. చివర్లో ఒంటి చేత్తో డంబెల్ లాగడం, పుష్‌అప్‌లు 8 చొప్పున, రబ్బరు బ్యాండ్‌ను ముఖం వైపు లాగడం 12 సార్లు. విసిరిన చేతికి బ్రేకు వేసేది భుజం వెనుక కండరాలే, అందుకే లాగే వ్యాయామాలు నెట్టేవాటికంటే కాస్త ఎక్కువే ఉండాలి. బ్యాటర్ వెనుక బంతి పట్టే క్యాచర్ తన జట్టు ఫీల్డింగ్ చేస్తున్నంతసేపూ ప్రతి బంతికీ గొంతుకూర్చుంటాడు. అతనికి గుంజీలు తగ్గించి, తుంటి దగ్గర వంగి ఎత్తేవి ఇవ్వాలి.

ఏం చేయించాలన్న దానికంటే ఎప్పుడు చేయించాలన్నదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. శనివారం పిచ్ చేసే కుర్రాడికి పెద్ద బరువుల రోజు ఆదివారమో సోమవారమో. బుధవారం రెండోసారి, అందులో సగం. గురువారం నుంచి బరువులు ముట్టుకోకూడదు. ఆట మధ్యలో పిచ్చర్ స్థానంలోకి వచ్చే, ఎప్పుడు దిగాలో తెలియని రిలీఫ్ పిచ్చర్‌కు మ్యాచ్ ముగిశాక రెండే వ్యాయామాలు, పావుగంట. ఫీల్డర్లూ మ్యాచ్ రోజునే, ఆట అయ్యాక ఎత్తడం మేలు. అప్పుడు మర్నాడు నిజంగా సెలవు దొరుకుతుంది.

సీజన్ మధ్యలో కొత్త వ్యాయామం మొదలుపెడితే ఒకటి నుంచి మూడు రోజులు ఒళ్లు నొప్పులు తప్పవు. బరువును మరీ నెమ్మదిగా దించినా అంతే. పిచింగ్‌కు ముందు బ్యాండ్‌తో భుజం మండేదాకా చేయించడం ఇంకా చెడ్డ అలవాటు, చేతిని కాపాడాల్సిన కండరాలే ముందుగా అలసిపోతాయి. వార్మప్‌కు తేలిక బ్యాండ్ 10 సార్లు చాలు. ఓడినందుకు శిక్షగా గుంజీలు తీయించే కోచ్‌ల గురించి ఏం చెప్పగలం!

వారానికోసారి, వార్మప్ అయ్యాక గోడ పక్కన నిలబడి దూకించి ఎత్తు గుర్తు పెట్టండి. రెండు వారాలు వరుసగా తగ్గితే సెట్లు సగం చేసి, నిద్ర, తిండి విచారించండి. ఎండల్లో ఆడే పిల్లలు తెలియకుండానే బరువు తగ్గుతుంటారు.

బరువులెత్తితే ఎదుగుదల ఆగుతుందన్న భయం ఇంకా వినిపిస్తోంది. సరైన పర్యవేక్షణలో చేసే బలశిక్షణ ఎదుగుదలకు హాని చేయదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ స్పష్టంగానే చెబుతోంది. పిల్లవాడు చకచకా పొడుగు పెరుగుతున్న నెలల్లో మాత్రం బరువు కూడా తగ్గించి, భంగిమ సరిచూడాలి. బేస్‌బాల్‌లో ఎముకల ఎదుగుదల పలకలను (ఎముక పొడుగు పెరిగే మెత్తని భాగాలను) నిజంగా దెబ్బతీసేది అతిగా విసరడం. భుజం దగ్గర, మోచేయి లోపలి వైపు అది బయటపడుతుంది. అమెరికాలోని వృత్తి లీగ్ మేజర్ లీగ్ బేస్‌బాల్, అక్కడి జాతీయ సంస్థ యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి 2014లో తెచ్చిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల ప్రకారం 11-12 ఏళ్లవారికి రోజుకు 85 పిచ్‌లు (బ్యాటర్‌కు విసిరే బంతులు), 13 నుంచి 16 ఏళ్లవారికి 95, 17-18 ఏళ్లవారికి 105 పరిమితి. జిమ్‌లో ఎంత బలం వచ్చినా ఈ అంకెలు మారవు. మోచేయి నొప్పి అన్న పిల్లవాడికి విసరడం ఆపించి వైద్యుడికి చూపించాలి.

బరువైన బంతులను విసిరించే కార్యక్రమాలను కూడా కొందరు బలశిక్షణ ఖాతాలోనే వేస్తున్నారు. రెండూ ఒకటి కావు. 13 నుంచి 18 ఏళ్ల పిచ్చర్లపై జరిగి 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆరు వారాలు ఆ బంతులు విసిరినవారి వేగం పెరిగింది నిజమే, కానీ వారిలో 24 శాతం మంది గాయపడ్డారు. సీజన్ మధ్యలో వాటి జోలికి పోకపోవడమే మంచిది.

నాకౌట్ వారంలోనూ బరువులు పూర్తిగా మానక్కర్లేదు. మ్యాచ్‌కు మూడు రోజుల ముందు, అదే బరువుతో, ఒక్కో వ్యాయామం ఒక్క సెట్ చేయించి పంపేయండి.

ఇట్లు,
కొందరు బేస్‌బాల్ బలశిక్షకులు