తమ్ముడికి, హార్డ్ డిస్క్ సంగతి

ఒరే తమ్ముడూ,

స్టూడియోకి నువ్వడిగిన హార్డ్ డిస్క్ చూద్దామని మొన్న షాపుకెళ్లాను. ఒక పెట్టె మీద యూఎస్‌బీ 3.0 అని, ఇంకోదాని మీద 3.1 జెన్ 1 అని, పక్కదాని మీద 3.2 జెన్ 1 అని ఉన్నాయి. తీరా చూస్తే మూడూ ఒకటే, సెకనుకి 5 గిగాబిట్లు (ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు). పేర్లు మారుస్తూ పోయారంతే, కొనేవాడి బుర్ర తినడానికి.

థండర్‌బోల్ట్ అనే ఖరీదైన వేగం కనెక్షన్ ఉన్నది కావాలని రాశావు కదా, 40 గిగాబిట్ల స్పీడని ఎవరో చెప్పారని. అది నీకు దండగరా. నువ్వడిగింది 4 టీబీ మామూలు డిస్క్, అంటే లోపల పళ్లెం తిరిగే రకం. అది మహా అయితే సెకనుకి 120, 130 ఎంబీలు రాస్తుంది. ఆ మాత్రానికి యూఎస్‌బీ 3.0 ఎక్కువే, దాన్ని మించిన కనెక్షన్‌కి డబ్బు పోసినా డిస్క్ వేగం పెరగదు. తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల మీద నడిచే ఎస్‌ఎస్‌డీ అయితే వేరే మాట గానీ 4 టీబీ ఎస్‌ఎస్‌డీ ధర చూస్తే నువ్వే వద్దంటావు.

నీకు అసలు తేడా వచ్చేది ఏ పోర్టుకి పెడతావన్న దగ్గర. రెండు కెమెరాలు, డ్రోను కలిపి ఒక పెళ్లికి 200 జీబీ అనుకో. పాత యూఎస్‌బీ 2.0 పోర్టుకి పెడితే, కాగితం మీద 480 మెగాబిట్లని ఉన్నా చేతికొచ్చేది సెకనుకి 35 ఎంబీలు, అంటే కాపీ అవడానికి గంటన్నర పైమాటే. అదే 3.0కి పెడితే అరగంట. లోపల నీలం రంగు ప్లాస్టిక్ ఉన్నా, పక్కన ఎస్‌ఎస్ అని గుర్తున్నా అది 3.0. ముందు వైపు లేకపోతే సీపీయూ వెనక చూడు.

కేబుల్ కూడా చూసుకోవాలి. చాలా డిస్కులకి డిస్క్ వైపు రెండు భాగాలుగా వెడల్పాటి పిన్ను ఉంటుంది. ఆ కేబుల్ కనబడకపోతే నువ్వు పాత ఫోన్ చార్జర్ వైరు దూరుస్తావని నాకు తెలుసు, అది ఆ వెడల్పు దాంట్లో సగానికి పట్టేస్తుంది, డిస్క్ పనిచేస్తుంది కూడా, కాకపోతే 2.0 స్పీడుకి పడిపోతుంది. టైప్-సీ అయినా ఇదే గోల. టైప్-సీ అనేది పిన్ను ఆకారమే, స్పీడు కాదు, ఫోన్లతో వచ్చే వైర్లు చాలావరకు 2.0వే.

అడాప్టర్‌తో నడిచే పెద్ద డిస్క్ మాత్రం పంపను. దానికి 12 వోల్టులు విడిగా కావాలి, ఇక్కడి ప్లగ్గు బద్ద పిన్నులు మన బోర్డుకి సరిగ్గా పట్టవు, కరెంటు పోతే కాపీ మధ్యలో ఆగుతుంది. చిన్నదైతే కేబుల్ నుంచే కరెంటు తీసుకుంటుంది, లాప్‌టాప్‌కి పెట్టుకుంటే కరెంటు పోయినా టెన్షన్ ఉండదు. ఒక పోర్టుని నాలుగు చేసే చవక హబ్‌కి మాత్రం తగిలించకు. కరెంటు చాలక టిక్కు టిక్కుమంటుందే గానీ లేవదు.

థండర్‌బోల్ట్ మానేస్తే మిగిలే డబ్బుతో ఇంకో డిస్క్ కూడా కొంటాను, రెండో కాపీ ఇంట్లో పెట్టు, స్టూడియోలో కాదు. మీ బావ ఫ్రెండ్ వచ్చే నెల విజయవాడ వస్తున్నారు, చేతి బ్యాగులో తెస్తానన్నారు. ఈలోపు సీపీయూ వెనక వైపు ఫోటో తీసి పంపు. నీలం పోర్టు లేకపోతే లోపల బిగించే 3.0 కార్డు ఒకటి అక్కడే కొనుక్కో.

మీ అక్క