మాధవికి, ‘హార్డ్‌లీ’ గురించి

తెనాలి,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి మాధవికి,

అమ్మ దీవించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. మామ్మకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. నీ ఫోను వచ్చి ఇరవై రెండు రోజులైంది. నీకు తీరిక ఉండదని తెలుసు కనుక ఈ ఉత్తరం అది అడగడానికి కాదు. చిన్నా ఫోనులో నువ్వు వాడికి పంపిన మూడు ముక్కల మెసేజీ చూశాను, అందులోని ఇంగ్లీషు గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. వాడిని కోప్పడవద్దు. ఫోను బల్లమీద పెట్టి స్నానానికి వెళ్లాడు.

‘ఐ యామ్ వర్కింగ్ హార్డ్‌లీ. ఐ విల్ ఎక్స్‌ప్లెయిన్ యూ ఎవ్రీథింగ్ లేటర్. డోంట్ టెల్ టు అమ్మ.’

మొదటి వాక్యం దగ్గరే నా గుండె ఝల్లుమంది. ‘హార్డ్’ అంటే కష్టపడి. ‘హార్డ్‌లీ’ అంటే దాదాపు లేనట్టే. వెంకటరత్నం గారి కోడలు మొన్న గుడిలో కలిసినప్పుడు, మీ ప్రాజెక్టు అయిపోయిందనీ, నిన్ను బెంచి మీద, అంటే పనేమీ అప్పగించకుండా ఖాళీగా, ఉంచారనీ ఎవరో అనగా విన్నానంది. ఆ మాటను నేను పట్టించుకోలేదు. కానీ నీ మెసేజీని రెండోసారి చదివాక నాకు కొంత ధైర్యం వచ్చింది, ఎందుకంటే ‘దాదాపు లేనట్టు’ అనే అర్థంలో ‘హార్డ్‌లీ’ అసలు క్రియకు ముందు కూర్చుంటుంది: ‘ఐ యామ్ హార్డ్‌లీ వర్కింగ్’. నువ్వు దానిని క్రియ తరువాత పెట్టావు, ఆ చోటు ‘హార్డ్’ది. కాబట్టి కష్టపడి పనిచేస్తున్నావనే నీ ఉద్దేశమని తేల్చుకున్నాను. అయినా నీ నోటితో ఒక్కసారి చెబితే నాకు నిద్ర పడుతుంది.

ఈ తప్పు నీ ఒక్కదానిదీ కాదు. మనం ‘నెమ్మది’కి ‘గా’ చేర్చి ‘నెమ్మదిగా’ అన్నట్టే, వాళ్లు ‘స్లో’కు ‘లీ’ చేర్చి ‘స్లోలీ’ అంటారు కనుక, ప్రతి మాటకూ ‘లీ’ తగిలిస్తే క్రియావిశేషణం అయిపోతుందని పిల్లలు అనుకుంటారు. పాత ఇంగ్లీషులో ‘హార్డ్’కు క్రియావిశేషణంగా చివర ఒక ‘ఎ’కారం ఉండేది, కాలక్రమేణా అది అరిగిపోయి రెండు రూపాలూ ఒకటే అయ్యాయి. ‘ఫాస్ట్’ కూడా అంతే. ‘హార్డ్‌లీ’కి కూడా ఒకప్పుడు ‘గట్టిగా’ అనే అర్థమే ఉండేది, తరువాత అది ‘కష్టం మీద’ అనీ, చివరికి ‘దాదాపు లేదు’ అనీ జారిపోయింది. కొన్ని వందల ఏళ్ల క్రితం వ్రాసి ఉంటే నీ వాక్యానికి ఎవరూ వంక పెట్టేవారు కారు. ‘లేట్’, ‘లేట్‌లీ’లదీ ఇదే గొడవ: మొదటిది ఆలస్యంగా, రెండోది ఈ మధ్య. నువ్వు ‘లేట్‌లీ’ ‘లేట్’గా ఇంటికి చేరుతున్నావని చిన్నా అన్నాడు. ఆటోలో వస్తే బండి నంబరు వాడికి పంపు.

ఇక రెండో వాక్యం. ‘ఎవ్రీథింగ్’ అంటే ఏమిటి తల్లీ? అది తరువాత అడుగుతాను. ‘ఎక్స్‌ప్లెయిన్ యూ’ అనకూడదు, ‘ఎక్స్‌ప్లెయిన్ ఎవ్రీథింగ్ టు యూ’ అనాలి. ‘టెల్ టు అమ్మ’ అనకూడదు, ‘టెల్ అమ్మ’ అనాలి. కావలసిన చోట ‘టు’ వదిలేసి, అక్కరలేని చోట పెట్టావు. ఇందులో నిన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఎందుకో చెబుతాను.

1991లో నాకు మొదటి ఉద్యోగం ఒక పల్లెలోని హైస్కూలులో. చేరిన మూడో నెలలో తనిఖీకి ఒక అధికారి వచ్చి ఎనిమిదో తరగతిలో వెనుక బల్ల మీద కూర్చున్నారు. బోర్డు మీద ‘గివ్ మీ ద పెన్’ అని వ్రాసి, పిల్లలవైపు తిరిగి, ‘నౌ ఐ విల్ ఎక్స్‌ప్లెయిన్ యూ దిస్’ అన్నాను. ఆయన లేచి నిలబడి, ‘మేడమ్, ముందు మీరు ఇంగ్లీషు నేర్చుకుని రండి’ అన్నారు. పిల్లలు నవ్వలేదు, అదే నాకు ఇంకా బాధగా తోచింది. నా చేతిలో సుద్దముక్క రెండుగా విరిగింది. ఆ తరువాత ఏడాది పాటు ఇంగ్లీషు పాఠాలు తెలుగులోనే చెప్పాను, స్టాఫ్ రూములో ఎవరితోనూ మాట్లాడలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. చివరికి మీ తాతగారే కనిపెట్టారు. వారు తెలుగు పండితులు, ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను ఏడుస్తూ చెబితే విని, ‘ఇచ్చేది పుచ్చుకొనేవాణ్ణి సంప్రదానం అంటాం కదమ్మా. మనకు ‘నాకు ఇవ్వు’, ‘నాకు చెప్పు’, ‘నాకు వివరించు’ అన్నిటికీ ఒక్క ‘కు’ చాలు. ఆ భాషలో ‘కు’ పని ఎవరు చేస్తున్నారో చూడు’ అన్నారు.

చూశాను. పాత ఇంగ్లీషులోనూ నామవాచకాలకు విభక్తులు ఉండేవి. ఇప్పటి ‘హిమ్’ అప్పటి సంప్రదాన రూపమే. ఆ ప్రత్యయాలు అరిగిపోయాక వాటి పని మాటల వరుసకూ ‘టు’కూ వచ్చింది. గివ్, టెల్, సెండ్, షో, టీచ్ వంటి పాత మాటలు మనిషిని నేరుగా పక్కన కూర్చోబెట్టుకుంటాయి. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, అనౌన్స్ వంటి లాటిన్ వైపు నుంచి వచ్చినవి చాలావరకు ‘టు’ లేనిదే మనిషిని దగ్గరికి రానివ్వవు. ‘ప్రామిస్’ లాటిన్‌దే అయినా ‘ప్రామిస్ మీ’ అంటాం, కనుక దీనిని గుడ్డిగా నమ్మవద్దు. ‘బై’, ‘మేక్’, ‘కుక్’లకు మాత్రం ‘టు’ కాదు, ‘ఫర్’. వస్తువు సర్వనామమైతే దానిని ముందు పెట్టి, ‘ఐ యామ్ సెండింగ్ ఇట్ టు యూ’ అనడమే మేలు.

అట్ట వేసిన నోటుబుక్కులో రెండు వరుసలుగా ఈ క్రియలన్నీ వ్రాసుకున్నాను. దానిని ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను, అంచులు చెదలు తిన్నాయి, జాగ్రత్త. ఇంటర్వ్యూలు ఏవైనా ఉంటే ముందురోజు రాత్రి ఒకసారి తిరగేయి. ఉంటేనే సుమా. ఎవరైనా నీ వాక్యానికి నవ్వితే నాలా ఏడాది నోరు కట్టుకుని కూర్చోవద్దు. మన ‘కు’ తెచ్చిన తప్పు అది, తెలివితక్కువది కాదు. ప్రాజెక్టు పోతే పోయింది, ఇక్కడ నీ గది అలాగే ఉంది, అద్దెకు ఇబ్బందైతే నాన్నగారు మాట్లాడకుండా పంపుతారు.

మూడో వాక్యాన్ని ‘డోంట్ టెల్ అమ్మ’ అని దిద్దాను. దిద్దాక అది నాకు ఇంకా నచ్చలేదు. అలాంటి వాక్యం మళ్లీ వ్రాయకు తల్లీ.

కందిపొడి, గోంగూర పచ్చడి కూడా అదే పెట్టెలో ఉన్నాయి. పచ్చడి సీసా మూతకు గుడ్డ కట్టాను, నిలువుగానే తెరువు. తడి చెంచా పెట్టకు. రాత్రి ఎనిమిది దాటాక నేను ఫోను పక్కనే ఉంటాను.

అమ్మ